గుడ్డ కట్టిన వానాకాలం

మా పాకలో గుడ్డ కట్టిన ఆవు జోలికి ఎవరూ పోయేవారు కాదు. ఆవు ఈనిన రోజున పాత ఎర్ర దుప్పటి లోంచి బెత్తెడు వెడల్పున ఒక పీలిక చించి, ఆ ఆవును కట్టిన గుంజకి ముడి వేసేదాన్ని. ఐదు రోజుల దాకా ఆ ముడి అలాగే ఉండాలి. ఆ ఐదు రోజులూ ఆ పాలు దూడవే. పొరపాటున ఒక్క చెంబెడు ముర్రుపాలు క్యానులో పడ్డాయా, కాచిన ప్రతి ఇంట్లోనూ పాలు విరిగి కూర్చుంటాయి. మర్నాడు పొద్దున్నే వాడుకగా పోయించుకునేవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలో ఉంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ ఘనకార్యం నేనే చేశాను. మా అత్తగారు పెట్టిన చివాట్లు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు గింగురుమంటాయి. ఆ మర్నాటి నుంచే ఈ గుడ్డ పద్ధతి పెట్టాను. 

నేను చెప్పబోయేది మా మనవరాలు పుట్టిన వానాకాలం సంగతి. ఇప్పుడది నాకంటే జానెడు పొడుగు. చెప్పులు పాడవుతాయని పాక గుమ్మంలోనే నిలబడి నాతో మాట్లాడుతుంది. ఆ ఏడు పాకలో పన్నెండు ఆవులుండేవి. నేనూ, మా ఆయనా, మా వాడూ, వాడి భార్యా, పాలు పితకడానికి కొత్తగా కుదిరిన ఒక మనిషీ కలిసి ఆ పన్నెండింటి చుట్టూ పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ తిరుగుతూ ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో ఒంట్లో నొప్పి అంటే ఏమిటో నాకు తెలియదు. నోటి దురుసు మాత్రం ఇప్పటికంటే ఎక్కువే.

మా కోడలు బస్సు కండక్టరు. ఆమె గొంతు విప్పితే ముందు సీటు నుంచి వెనక మెట్టు దాకా అందరూ సర్దుకుని నిలబడేవారు. మా ఆయన ఆమెను కండక్టరమ్మా అనే పిలిచేవారు. ఏడో నెల దాకా డ్యూటీకి వెళ్ళి, ఆ తర్వాత సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. తల్లి లేని పిల్ల, పురిటికి వెళ్ళడానికి పుట్టిల్లంటూ లేదు. కాబట్టి ఆ బాధ్యతంతా నాదే అనుకున్నాను, అధికారమూ నాదే అనుకున్నాను.

మా ఆయనకి పాక గోడ మీద సుద్దముక్కతో రాసే అలవాటు. ఏ చూడి ఆవు ఎప్పుడు ఈనుతుందో వరసగా రాసి పెట్టేవారు. ఆ వానాకాలం గోడ మీద, "మచ్చది - పదో తారీకు, వంకరకొమ్ము - పద్దెనిమిది" అని రాసి, వాటి కింద "కండక్టరమ్మ - నెలాఖరు" అని కూడా రాశారు. నేను చూసి తల కొట్టుకున్నాను. ఆమె మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

"మరి నాకు దాణా ఎన్ని పూటలు మామయ్యా?" అంది.

"నీకు నాలుగు పూటలూ పెడతాం తల్లీ. తొట్టి మాత్రం నువ్వే కడుక్కోవాలి," అన్నారు ఆయన.

ఇల్లు అలా ఉండేది. తలుచుకుంటే ఆ గోడ, దాని మీద ఆయన కోడిగీతలు, వాన కారి సగం చెరిగిపోయిన తారీకులు, అన్నీ కళ్ళ ముందు కదులుతాయి. 

మా వీధులకి ఒక నర్సమ్మ వచ్చేది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజాన సంచీ. గర్భిణుల ఇళ్ళకి నెలకి రెండుసార్లు వచ్చి బరువు చూసి, రక్తపోటు చూసి, నాలుగు మాటలు చెప్పి వెళ్ళేది. ఆవిడ చెప్పిన ప్రతి మాటనీ మా కోడలు టికెట్ల పుస్తకం వెనకాల రాసుకునేది. ఒక రోజు నేను క్యాన్లు తోముతుంటే ఆ పుస్తకం పట్టుకొచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. 

"అత్తయ్యా, పుట్టిన గంటలోపే పిల్లకి పాలు పట్టాలట. మొదట్లో వచ్చే పచ్చటి పాలు అసలు పారబోయకూడదట."

"ఎవరట?"

"నర్సమ్మ."

"ఆవిడకి ఎన్ని ఆవులున్నాయి?"

ఆమె నవ్వింది గానీ పుస్తకం మూయలేదు. "ఆవుల సంగతి కాదు అత్తయ్యా. మనుషుల సంగతి."

"మనుషులకి మూడు రోజుల దాకా పాలు ఎక్కడ వస్తాయే? వచ్చేది ఆ జిగురు. అది పిండేస్తే నాలుగో రోజుకి తెల్లటి పాలు పడతాయి. ముప్పై ఏళ్ళుగా పాలతో బతుకుతున్నదాన్ని, పాల గురించి నాకు పాఠం చెప్తావా? ఊళ్ళో సగం మంది పిల్లలు మన చేతి పాలు తాగి పెరిగారు. మన పిల్లకి మూడు రోజులు మనింటి పాలు సరిపోవా?"

ఆమె పుస్తకం మూసేసింది. ఆమెకి నా మీద గౌరవం ఉండేది, నాకు ఆమె మీద ప్రేమ ఉండేది. ఇద్దరికీ చిక్కు వచ్చింది అక్కడే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాడికంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు ఉంది. విరేచనాలు పట్టుకుని పోయింది. పేరు కూడా పెట్టలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, నేను అసలే ఎత్తేదాన్ని కాదు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదటి మూడు రోజులూ మా అత్తగారు నా పచ్చపాలు పిండించేసి, పిల్లకి చక్కెర నీళ్ళూ, ఆవు పాలూ పట్టించింది. మా వాడికీ అంతే చేసింది. వాడు బతికాడు కదా, కాబట్టి పద్ధతి మంచిదే అని నేను వాడినే చూపించుకునేదాన్ని. ఆ మొదటి పిల్లని లెక్కలోకి తీసుకునేదాన్ని కాదు.

వానలు ఆ ఏడు పట్టుకుంటే వదల్లేదు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఆస్పత్రికి వెళ్ళాలంటే రెండు వాగులు దాటాలి. నెలాఖరు అనుకున్న కాన్పు మూడు వారాలు ముందే వచ్చింది. మా వాడు ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని నీళ్ళలో నడిచి వెళ్ళి నర్సమ్మని తీసుకొచ్చాడు. తెల్లవారిన కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ పిల్లని గుడ్డలో వేసి, చేతి త్రాసుకి తగిలించి చూసి, "రెండుంపావు కిలోలు. చిన్నదే, కానీ గట్టిగా ఉంది," అంది. 

పిల్లని తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. పిల్ల ముక్కుతో కాస్త తడిమి, నోరు తెరవకుండానే నిద్రపోయింది. ఇంతలో వెనక వీధి నుంచి ఎవరో వచ్చి ఇంకో ఇంట్లో నొప్పులు మొదలయ్యాయని చెప్పారు. నర్సమ్మ బూట్లు తొడుక్కుంటూ నా వైపు తిరిగింది.

"అమ్మా, లేచినప్పుడల్లా రొమ్ముకి పెట్టండి. లేవకపోయినా రెండు గంటలకోసారి లేపి పెట్టండి. ఇంకేమీ నోట్లో పడకూడదు. నీళ్ళు కూడా వద్దు. రేపు సాయంత్రం వస్తాను."

"అలాగేనమ్మా," అన్నాను. తల కూడా ఊపాను. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి నా పని మొదలుపెట్టాను.

పాలు పిండటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా కోడలు వద్దు అత్తయ్యా అంటూనే ఉంది. పచ్చగా, చిక్కగా, తేనెలా సాగుతూ వచ్చిన ఆ నాలుగు చెంచాలూ చిన్న గిన్నెలోకి పిండేసి, వెనక గుమ్మం దగ్గర కాలవలో పారబోశాను. అప్పుడే మా పాలు పితికే మనిషి గడ్డిమోపు దించుకుంటున్నాడు.

ఆయన్ని మేమంతా నిదానం అనేవాళ్ళం. యాభై ఏళ్ళ మనిషి. అంతకుముందు ఇటుక బట్టీలో పనిచేసి, నెల క్రితమే మా దగ్గర కుదిరాడు. ఏ పనైనా నిమ్మళంగా, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఇటు వంచమంటే ఇటే వంచేవాడు, ఎంత దాకా వంచాలో చెప్పకపోతే విరిగేదాకా వంచేవాడు.

"ఏంటమ్మగారూ అవి?" అన్నాడు గిన్నె చూసి.

"అమ్మాయి పాలు."

"పాడైపోయాయా?"

"పచ్చగా ఉన్నాయి, కనపడట్లేదా? పనికిరావు. ఇవి పోతే తర్వాత మంచివి వస్తాయి."

"ఓహో," అన్నాడు. ఆ మాట ఆయన మనసులో ఎంత చక్కగా నాటుకుందో నాకు మర్నాడు గానీ తెలియలేదు.

మా పాకలోకెల్లా మంచి ఆవు పాలు కాచి, నీళ్ళు కలిపి, చెంచాతో పిల్లకి పట్టాను. సగం లోపలికి పోయాయి, సగం మెడ మీదుగా కారాయి. కాసేపటికి తాగినదంతా కక్కేసింది. మళ్ళీ పట్టాను. మధ్యాహ్నం ఇంకోసారి పిండి పారబోశాను, సాయంత్రం ఇంకోసారి. పొద్దుగూకేసరికి పిల్ల ఏడుపు సన్నబడింది. పొద్దున్నించీ గుడ్డ ఒక్కసారే తడిసింది.

"ఒక్కసారి నా దగ్గరికి ఇవ్వండి అత్తయ్యా. ఊరికే పడుకోబెట్టుకుంటాను."

"అలసిపోయావు, పడుకో. అన్నీ నేను చూసుకుంటాగా."

మా వాడు కూడా, "అమ్మకి తెలుసులే," అన్నాడు. కేక వేసి బస్సులు ఆపించే మనిషి ఆ రోజు నన్ను ఆపలేకపోయింది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని తెలుసు. బాలింతలకి మామూలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ నేను సిగ్గుపడే మాటల్లో అదొకటి.

మర్నాడు పొద్దున్నే మచ్చది ఈనింది. గోడ మీద తారీకు ఒక్క రోజు కూడా తప్పలేదని మా ఆయన మురిసిపోయారు. దూడ వెనక కాళ్ళ వైపు నుంచి వచ్చి చాలాసేపు ఇబ్బంది పడింది. బయటపడ్డాక లేవలేకపోయింది. మెడ నిలపడం లేదు. నాలుక బయటికి వేలాడుతోంది. గోనెసంచితో ఒళ్ళు రుద్దాను, ముక్కు తుడిచాను. ఊపిరి అందుకుంది గానీ లేచి పొదుగు దాకా వెళ్ళే ఓపిక దానికి లేదు. ఇలాంటప్పుడు తల్లి పాలు పిండి సీసాతో పట్టాలి. ఆలస్యం చేస్తే దక్కదు.

గుంజకి ఎర్ర గుడ్డ కట్టి, గిన్నె నిదానం చేతికిచ్చాను. "పొదుగు కడిగి, గిన్నెలోకి పిండు. నేను సీసా కడిగి తెస్తాను," అని లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉంది. మచ్చది కాళ్ళ పక్కనుంచి కాలవలోకి పచ్చటి చార పారుతోంది. నిదానం తీరిగ్గా రెండో విడత పిండటానికి కూర్చుంటున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. 

"ఏం చేశావయ్యా? ఆ పాలేవి?"

"పారబోశానండి."

"పారబోశావా? నీకు బుద్ధుందా? అవి ముర్రుపాలు. దూడకి ప్రాణం పోసేవి అవే. పుట్టిన గంట రెండు గంటల్లో అవి కడుపులో పడకపోతే, ఈ రోజు బానే ఉన్నట్టు కనిపిస్తుంది, నాలుగు రోజులకి విరేచనాలు పట్టుకుని పోతుంది. తర్వాత కుండెడు తెల్లపాలు పట్టినా లాభం లేదు. తల్లి ఒంట్లో బలమంతా ఆ మొదటి నాలుగు చుక్కల్లోనే ఉంటుంది. అందుకే కదా ఈ గుడ్డ కట్టేది. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

నా గొంతు వీధి చివరికి వినపడి ఉంటుంది. నిదానం బెదరలేదు, ఎదురు చెప్పే ఉద్దేశమూ ఆయనకి లేదు. పొదుగు మీద నుంచి చెయ్యి తీసి, ఆలోచించి, మర్యాదగానే చెప్పాడు.

"గుడ్డ కట్టిన ఆవు పాలు క్యానులో పోయొద్దన్నారు. పోయలేదండి. చూస్తే పచ్చగా ఉన్నాయి. నిన్న అమ్మాయిగారివి పచ్చగా ఉన్నాయని మీరు పారబోశారు కదా, ఇవి పోతే మంచివి వస్తాయన్నారు. వీటికీ అంతే అనుకున్నాను."

నేను పక్కకి తల తిప్పాను. 

పాక పక్క గదే మా కోడలిది. కిటికీ తెరిచే ఉంది. ఆమె మంచం మీద కూర్చుని మా వైపే చూస్తోంది.  ఒక్క మాట అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది, ఎదురు మాట ఏదో ఒకటి దొరికేది. 

నేను పీట లాక్కుని మచ్చదాని దగ్గర కూర్చున్నాను. పొదుగులో ఇంకా ఉన్నాయి. సీసా నిండా పిండి, దూడ తల ఒళ్ళో పెట్టుకుని, వేలు నోట్లో పెట్టి చీకడం గుర్తుచేసి, కొంచెం కొంచెంగా పట్టాను. సగం సీసా అయ్యేసరికి దాని తోక కదిలింది. అప్పుడు నా కళ్ళు మసకబారాయి. పదకొండు రోజుల పిల్ల నా కళ్ళ ముందుకి వచ్చింది. అన్నేళ్ళలో నా పాకలో పుట్టిన ఒక్క దూడకి కూడా నేను ఆ మొదటి పాలు తప్పించలేదు. ఒక్కదానికి కూడా.

సీసా నిదానం చేతికిచ్చి, మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గదిలోకి వెళ్ళాను. మా కోడలు అప్పటికే పిల్లని తనంతట తనే తీసుకుని రొమ్ముకి పెట్టుకుంది. పిల్ల మాత్రం కదలడం లేదు.

"నోరు తెరవట్లేదు అత్తయ్యా," అంది. నన్ను తిట్టడానికి కూడా ఆమెకి తీరిక లేదు.

"తెరిపిద్దాం. ముందు నువ్వు వెనక్కి ఆనుకుని కూర్చో."

చెంచాని మరిగే నీళ్ళలో వేసి తీశాను. ఈసారి పిండింది పారబోయడానికి కాదు. ఒక్కో చుక్కే వచ్చింది. పచ్చటి చుక్క చెంచా అంచున నిలబడి, జారి, కింద ఇంకో చుక్కతో కలిసేది. నా జన్మలో ఎన్ని క్యాన్లు నింపానో లెక్క లేదు. ఆ ఒక్క చెంచా నింపడానికి పట్టినంత సేపు దేనికీ పట్టలేదు. అరచెంచా అయ్యాక పిల్ల పాదం మీద గీరి లేపి, పెదవికి చెంచా ఆనించాను. నాలుక వచ్చింది. ఒక చుక్క తీసుకుంది. ఆగింది. ఇంకో చుక్క తీసుకుంది. 

"మింగింది," అంది మా కోడలు.

"మింగింది," అన్నాను నేనూ. 

ఆ రోజు మధ్యాహ్నం దాకా మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు దాదాపు అవే. గంట గంటకీ పిండటం, చెంచాతో పట్టడం, మళ్ళీ రొమ్ముకి పెట్టి చూడటం. నాలుగోసారి పట్టాక పిల్ల గుడ్డ తడిపింది. ఆ తడిగుడ్డ పట్టుకుని నేను పాకలోకి వెళ్ళి మా ఆయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, శ్రద్ధగా చూసి, "బాగుంది," అన్నారు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. నేను ఆవిడ బూట్లు విప్పేదాకా కూడా ఆగలేదు. 

"నిన్నంతా నేనే పిండి పారబోశాను. ఆవు పాలు కూడా పట్టాను. మీకు అలాగే అని చెప్పి ఇలా చేశాను."

ఆవిడ ముఖం ఒక్క క్షణం గట్టిపడింది. తర్వాత లోపలికి వెళ్ళి పిల్లని చూసింది, కళ్ళూ చర్మమూ నోరూ అన్నీ చూసింది, గుండె విన్నది. 

"ఇంకా వస్తున్నాయి కదా. ఇక ఒక్క చుక్క కూడా వృథా చేయకండి. చాలవేమో అని భయపడకండి. ఇప్పుడు దీని పొట్ట గోలీకాయంత, ఈ చుక్కలే దానికి భోజనం. జబ్బులు రాకుండా కాపలా కాసేవి కూడా ఈ పాలే. మొదటి టీకా అనుకోండి."

పొద్దున నిదానాన్ని తిట్టేటప్పుడు నేను అన్నదీ అదే. మా కోడలు నా వైపు చూసి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. రెండు రోజుల్లో ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. నాకు తల కొట్టేసినట్టయింది, ప్రాణమూ లేచొచ్చింది.

నర్సమ్మని సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళాను. వాన కాస్త తెరిపిచ్చింది. 

"అమ్మా, ఒక మాట. చాలా ఏళ్ళ కిందట ఒక పిల్ల పదకొండు రోజులకి పోయింది. విరేచనాలు. దానికీ ఇలాగే పారబోశారు. అందుకేనా?"

ఆవిడ సంచీ భుజం మార్చుకుంది. ఎవరి పిల్ల అని అడగలేదు.

"తెలీదమ్మా. దేనివల్లో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అప్పట్లో మీకు చెప్పినవాళ్ళు కూడా లేరు కదా," అంది. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ నిజాయితీ గల మనిషి కాబట్టి అనలేదు. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను పాకలోకి వెళ్ళి ఎర్ర దుప్పటి తీశాను. ఒక పీలిక చించాను. కాసేపు నిలబడి, ఇంకోటి కూడా చించాను. మొదటిది తీసుకొచ్చి మా కోడలి గది తలుపు గొళ్ళేనికి ముడి వేశాను. క్షమించు అనడం నాకు చేతకాదు. ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. అందుకని నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. 

ఆమె మంచం మీద నుంచి చూసింది. ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఉన్న మనిషి, ఆ గుడ్డకి అర్థం ఏమిటో ఆమెకి తెలుసు. 

"నన్ను కూడా పాకలో కలిపేశారా అత్తయ్యా?"

"అవును. నీ పాలు నీ పిల్లవే. నాతో సహా ఎవరూ ముట్టుకోవడానికి లేదు."

"టికెట్టు లేనివాళ్ళు ఎక్కకూడదన్నమాట," అంది. అని నవ్వబోయి ఏడ్చేసింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె తల నా భుజం మీద పెట్టుకుంది. మా మధ్య ఇద్దరికీ సరిపడా పిల్ల పడుకుని ఉంది.

ఆ గుడ్డ ఊరికే కట్టిన అలంకారం కాదు, పని చేసింది. మర్నాడు ఎదురింటావిడ చక్కెర నీళ్ళు కలిపిన గిన్నె కొంగు చాటున పెట్టుకుని చూడటానికి వచ్చింది. ఆవిడ మంచిదే. మూడు రోజుల కిందట అయితే నేనే ఎదురెళ్ళి గిన్నె అందుకునేదాన్ని. 

"పిల్ల బక్కగా ఉందటగా. నాలుగు చెంచాలు పట్టు వదినా, పాలు పడేదాకా."

"గుడ్డ కట్టి ఉంది, కనపడట్లేదా?" అన్నాను.

"అది ఆవులకి కదా కడతావు?"

"ఆవులకున్నపాటి గౌరవం మా కోడలికి ఉండక్కర్లేదా? ఆ గిన్నె నువ్వే తాగేసి కూర్చో, కబుర్లు చెప్పుకుందాం."

ఆవిడ నిజంగానే తాగేసి కూర్చుంది. ఆ తర్వాత ఎవరు ఏం పట్టుకొచ్చినా నిదానమే గుమ్మంలో నిలబెట్టి, "గుడ్డ ఉందండి," అని వెనక్కి పంపేవాడు. తేనె వచ్చింది, కడుపునొప్పికి పట్టే నీళ్ళ మందు వచ్చింది, మా వాడు ముచ్చటపడి కొన్న పాలసీసా కూడా వచ్చింది. వాడినీ గుమ్మంలోనే ఆపాడు. ఆయనకి మినహాయింపులు తెలియవు. 

మూడో రోజు మధ్యాహ్నం పిల్ల తనంతట తానే నోరు పెద్దగా తెరిచి రొమ్ము అందుకుంది. చప్పుడు చేస్తూ చీకింది. మా కోడలు నొప్పికి కెవ్వుమని, వెంటనే "రైట్, రైట్" అంది, బస్సు కదిలేటప్పుడు అనే గొంతుతో. అవతల గదిలో ఉన్న మా ఆయన ఆ గొంతు విని చేతిలో పేపరు కింద పడేశారు. అదే వారం మచ్చదాని దూడ పాకంతా గెంతి, శుభ్రంగా తోమి పెట్టిన క్యాను ఒకటి దొర్లించింది. నేను తిట్టలేదు.

పాక గోడ మీద కండక్టరమ్మ పేరు తుడిచేసి, ఆ చోట మా ఆయన పిల్ల బరువు రాయడం మొదలుపెట్టారు. వారానికోసారి నర్సమ్మ త్రాసు తెచ్చేది, ఈయన సుద్దముక్క పట్టుకుని సిద్ధంగా ఉండేవారు. మొదటి వారం రెండుంపావు నుంచి కాస్త తగ్గింది. నాకు తిండి సయించలేదు. రెండో వారానికి పుట్టిన బరువుకి వచ్చింది. మూడో వారానికి రెండున్నర. నెల తిరిగేసరికి ఇంటి వెనక కాలవలో నీళ్ళు తగ్గాయి, వీధుల్లో జ్వరాలూ విరేచనాలూ మొదలయ్యాయి. మా చుట్టుపక్కల పిల్లలు చాలామంది పడ్డారు. మాది పడలేదు. అది ఆ చుక్కల మహిమో, మా అదృష్టమో నేను తేల్చి చెప్పలేను. నిదానాన్ని అడిగితే మాత్రం గుడ్డ వల్లే అనేవాడు.

మచ్చదాని గుంజకి కట్టిన గుడ్డ ఆరో రోజున విప్పేశాను. గది గొళ్ళేనికి కట్టింది కూడా విప్పబోతే మా కోడలు ఆపింది.

"ఉండనివ్వండి అత్తయ్యా. నర్సమ్మ ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దంది."

"ఆరు నెలలా?"

"నేను ఆవుని కాదు కదా," అంది. 

ఆరు నెలలూ ఉంది. ఎండకి వెలిసి, తడిసి, చివరికి గులాబీ రంగుకి వచ్చాక ఆమే విప్పి తన టికెట్ల సంచీలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. ఆ ముక్క ఇప్పుడు మా మనవరాలి దగ్గర ఉంది. అదేమిటో దానికి వాళ్ళమ్మ చెప్పింది. 

రెండో ముక్క సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రమే దాన్ని పాక చివర, ఏ ఆవునీ కట్టని ఖాళీ గుంజకి ముడి వేశాను. పదకొండు రోజులు ఉన్న నా పిల్లకి అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. తర్వాతి వారమే రెండు కొత్త ఆవులొచ్చాయి, పాకలో చోటు ఇరుకైంది. నిదానం ఒకదాన్ని గుమ్మం పక్కన కట్టాడు, ఒకదాన్ని బయట చెట్టు కింద కట్టాడు. చివరి గుంజ దగ్గర మాత్రం రోజూ పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు చల్లి, గుడ్డ తడవకుండా పక్కనుంచి వెళ్ళేవాడు. ఆయన మా దగ్గర పనిచేసిన పద్నాలుగేళ్ళూ ఆ గుంజకి ఏ ఆవునీ కట్టలేదు.